కారణం లేకుండా ఆగే బండి

గేటు మూతకు 31 రోజులు

ఈ పుస్తకం రాయడం నాకు ఇష్టం లేదు. బండ్ల షెడ్డు నిబంధన కాబట్టి రాస్తున్నాను. బండి కోసం అర్జీ పెట్టిన రోజు నుంచి బండి ఎక్కే రోజు దాకా, ప్రయాణం చేసే మనిషి జరిగింది జరిగినట్టు రాయాలట. చివరికి ఏ బండి కుదిరితే ఆ బండి ముందు నిలబడి మొదటి పేజీ నుంచి పైకి చదివి వినిపించాలట. అలా చదివితేనే దానికి మన గొంతు, మన తీరు పట్టుబడతాయని షెడ్డు నడిపే మహబూబ్బీ చెప్పింది. సరే. నువ్వు ఏ బండివో గానీ, విను. నా పేరు ఓబుళమ్మ. వయసు అరవై మూడు. నా తీరు నీకు ఈ పేజీ దాటకముందే పట్టుబడుతుందిలే.

ముప్పై ఏళ్లు నేను బండల పాలిష్ పని చేశాను. మా ఆయన సుంకన్న పక్క షెడ్డులోనే రంపం మిషను మీద ఉండేవాడు. ఆ పనిలో నాకు ఊపిరితిత్తులు పోయాయి, ఆయనకు చెవులు పోయాయి; ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. పోయిన వారం డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ఇంకో దుమ్ముకాలం ఇక్కడే ఉంటే నేను వానల దాకా బతకనట. తూర్పు కొండల మీదికి పోవాలి. ఆ తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి ఆయనతో చాలాసేపు మాట్లాడింది. చెవిటి మనిషికి చెప్పాలంటే ఆ మాత్రం సేపు పడుతుందిలే అనుకున్నాను.

దుమ్ముగాలి లేచే రోజున కొండగేటు మూస్తారు. మళ్లీ తెరిచేది వానలకే. అక్కడికి పన్నెండు రోజుల దారి. మధ్యలో మనిషన్నవాడు లేడు, తినడం, పడుకోవడం అన్నీ బండిలోనే. అంటే పంతొమ్మిది రోజుల్లో నమ్మకమైన బండి ఒకటి చూసుకోవాలి. అదేమంత పెద్ద పని అనుకుంటున్నావా? మా ఆయనతో అయితే పెద్ద పనే.

గేటు మూతకు 29 రోజులు

షెడ్డులో పద్నాలుగు బండ్లున్నాయి. అన్నీ ముసలివే. కొత్తవి చేసేవాళ్లు పోయి నలభై ఏళ్లయింది. బండి దానంతటదే నడుస్తుంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఒక్కో బండికి దాని పాత మనిషి అలవాట్లన్నీ అంటుకుని ఉంటాయి. శుభ్రంగా తుడిచెయ్యొచ్చు కదా అని అడిగాను. తుడిస్తే దారి కూడా పోతుందని మహబూబ్బీ అంది. ఏటేటా దుమ్ము దారులను మింగేస్తుంటే ఎక్కడ నేల గట్టిదో, ఏ వాగు ఎటు తిరిగిందో గుర్తున్నది ఈ ముసలి బండ్లకే. కాబట్టి బండితో పాటు ఎవడో ముక్కూ మొహం తెలియని మనిషి బుద్ధిని కూడా నెత్తిన పెట్టుకోవాలి. బండి ఏ పిచ్చిపని చేసినా అది పాతోడి బుద్ధి అనుకుని సరిపెట్టుకుంటాం. మరీ భరించలేకపోతే దస్తగిరి మేస్త్రిని పిలిచి ఆ ఒక్క అలవాటు పీకించుకోవచ్చు. బండికి ఒక్కటే. పీకింది మళ్లీ రాదు.

ఈ రోజు చూసింది పెళ్లి బ్యాండువాళ్ల బండి. దారిలో ఎక్కడ షామియానా కనిపించినా ఆగిపోతుంది. ఆగడంతో పోదు, ఊగుతుంది. మా ఆయన నాలుగు టైర్లూ తట్టి చూశాడు. తర్వాత మహబూబ్బీని అడగకూడని మాట అడిగాడు.

"అమ్మా, పడుకునే బల్లలు పక్కపక్కన ఉండాయా, కిందా పైనా ఉండాయా?"

"ఇంత ఇరుకు బండ్లల్లో పక్కపక్కన యాడ పెడతారన్నా? అన్నిట్లో కిందా పైనే."

ఆయన మొహం వాడిపోయింది. మహబూబ్బీ పైటకొంగులో నవ్వుకుంది. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. నలభై మూడేళ్ల కాపురం తర్వాత పక్కబల్ల కావలసి వచ్చిందా ఈయనకు! ఇంట్లో కూడా ఇంతే. రెండేళ్ల నుంచి నేను కన్ను మూస్తే చాలు, నా డొక్క మీద చెయ్యి వేస్తాడు. "ఉక్కగా ఉండాది, తియ్యి" అని విసిరి కొడతాను. మళ్లీ వేస్తాడు.

బండిని ఒప్పుకునే ముందు ఒక మధ్యాహ్నం అందులో ఎండనిద్ర పోయి చూడాలి. మనం పడుకుంటే అది కప్పున్న చుట్టుదారిలో షెడ్డు చుట్టూ మెల్లగా తిరుగుతుంది. ఆయన పడుకుని లేచి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"ఇది గాదు."

"ఎందుకు గాదు?"

"గాదంతే."

గేటు మూతకు 26 రోజులు

ఎవరో పెద్ద అధికారి బండి. ఎవరైనా వచ్చి తలుపు తీస్తే గానీ కదలదు. రోడ్డు నడిమధ్యలోనే పోతుంది, ఎదురొచ్చేవాళ్లే దిగాలి. అయినా నేను సరే అన్నాను. తలుపు తీయడం నాకు చేతకాదా? మా ఆయన పడుకుని లేచి, ఇది గాదన్నాడు.

ఇంకొకటి అత్తవారితో తగాదా పడిన ఆసామిది. ఆ అత్తవారి ఊరు తగలకుండా ముప్పై కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతుంది. ఆ ఊరు దుమ్ములో పూడిపోయి ఇరవై ఏళ్లయింది. ఆ మనిషీ పోయాడు, అత్తవారూ పోయారు, కోపం మాత్రం బండిలో భద్రంగా ఉంది. దీన్నైనా ఒప్పుకుందామన్నాను. ఆయన పడుకున్నాడు, లేచాడు, ఇదీ గాదన్నాడు.

"టైర్లు బాగలేవా?"

"బాగుండాయి."

"చల్లగా లేదా లోపల?"

"ఉండాది."

"మరి నీకేం రోగం?"

వినపడనట్టు అటు తిరిగాడు. ఈయన చెవులు అవసరమైనప్పుడే పోతాయి.

గేటు మూతకు 22 రోజులు

బండి దొరికింది! ఇది ఎవరో టీచర్ల జంటదట. మెత్తని పరుపు, కిటికీకి తెర, పుస్తకం పెట్టుకోవడానికి చిన్న అర, కాఫీ పెట్టుకోవడానికి పొయ్యి. నేను ఎక్కగానే దీపం దానంతటదే తగ్గింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. ఎండనిద్రకు పడుకున్నదాన్ని, సాయంత్రం మహబూబ్బీ వచ్చి లేపితే లేచాను. తల కొంచెం బరువుగా ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయని ఆమె అంది గానీ అది నాకు మామూలే. ఇంత సేపు ఎవరూ కదిలించకుండా పడుకుని ఎన్నాళ్లయిందో. నా మొక్కు ఫలించింది. రేపు ఆయన కూడా ఒకసారి పడుకుని చూస్తాడట. చూసుకోనీ.

గేటు మూతకు 21 రోజులు

"ఇది గాదు" అన్నాడు.

నేను ఈ రోజు ఇంకేమీ రాయను. రాస్తే చదివి వినిపించడానికి నోరు రాదు.

గేటు మూతకు 20 రోజులు

కోపం తగ్గలేదు గానీ నిబంధన ఉంది కదా, రాస్తున్నాను. టీచర్ల బండిని నిన్ననే ఇంకెవరో తీసుకుపోయారు. అది షెడ్డు గేటు దాటి పోతుంటే నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడిస్తే దగ్గొస్తుంది, దగ్గితే ఆయాసం వస్తుంది. అందుకని సరిగ్గా ఏడవడానికి కూడా లేదు. ఆయన నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగలేదు. నన్ను కొండకు చేర్చడం ఈయనకు ఇష్టం లేదేమో అనే అనుమానం మొదటిసారి వచ్చింది. ఆ మాట మొహం మీదే అడిగాను. ఆయన ఆ నీళ్ల గ్లాసు తీసుకుని లేచి పోయాడు.

గేటు మూతకు 17 రోజులు

పదమూడు బండ్లు అయిపోయాయి. కొన్ని ఈయన కాదన్నవి, కొన్ని మేము తేల్చుకునేలోపు వేరేవాళ్లు ఎత్తుకుపోయినవి. మిగిలింది ఒక్కటి. షెడ్డు వెనక, పాత టైర్ల గుట్ట పక్కన ఉంది. గేదెల బండి.

వెటకారానికి అనడం లేదు. జబ్బు చేసిన గేదెలను పశువుల ఆసుపత్రికి మోసిన బండి. లోపల వెడల్పుగా ఉంది, ఒక గోడకు మేత తొట్టి ఉంది, పైన నీళ్ల తొట్టి ఉంది, వాసన అంతటా ఉంది. దీని పాత మనిషి ఎవరో పశువుల డాక్టరట. కారణం లేకుండా ఎక్కడపడితే అక్కడ ఆగుతుందని, అందుకే తొమ్మిదేళ్లుగా ఎవరూ తీసుకోలేదని మహబూబ్బీ ముందే చెప్పింది.

మా ఆయన ఎండనిద్రకు ఎక్కాడు. పావుగంట కాకముందే చుట్టుదారిలో బండి ఠక్కున ఆగింది. హారను మోగింది. తలుపు తెరుచుకుంది. నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసిపోయి మా ఆయన దిగాడు. నవ్వుతున్నాడు.

"ఇదే" అన్నాడు.

నేను నెత్తి కొట్టుకున్నాను.

గేటు మూతకు 16 రోజులు

నిబంధన ప్రకారం ఈ రోజు నేను పడుకున్నాను, కింది బల్ల మీద, ఒక్కదాన్నే. జరిగింది జరిగినట్టు:

పన్నెండున్నరకు బండి ఆగింది. హారను మోగింది. కారణం: లేదు.

ఒంటిగంట పది నిమిషాలకు మళ్లీ ఆగింది. నా బల్లను ఒక పక్కకు ఎత్తి కుదిపింది. కారణం: లేదు.

రెండు కావస్తుండగా ఇంకోసారి ఆగింది. పై తొట్టిలోంచి నా మొహం మీద చెంబెడు నీళ్లు. కారణం: లేదు.

పన్నెండు రోజులు ఇలా నిద్ర పోవాలట నేను! జబ్బు మనిషిని. దిగి వస్తే మా ఆయన చుట్టుదారి పక్కన నిలబడి "ఎన్నిసార్లు ఆగింది?" అని అడిగాడు. మూడు వేళ్లు చూపించాను. అప్పటిదాకా ఉన్న నవ్వు మాయమైంది. నన్ను అట్లా చూస్తూ ఉండిపోయాడు. మూడుసార్లు తడిపి లేపిన బండిని కదా తిట్టాలి, నన్ను చూస్తాడేం?

గేటు మూతకు 14 రోజులు

వేరే బండి లేదు. కాబట్టి ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. ఈ ఆగే అలవాటును పీకించేస్తే సరి. వాసన భరిస్తాను, తొట్టి భరిస్తాను, నిద్ర మాత్రం పోనివ్వాలి. చీటీ రాసి మహబూబ్బీకి ఇచ్చాను. అలవాటు విషయంలో జబ్బు మనిషి చీటీదే మాట, పక్కవాళ్లది చెల్లదు. ఎల్లుండి పొద్దున బయల్దేరాలి, కాబట్టి దస్తగిరి మేస్త్రి రేపు పొద్దున్నే వస్తాడు.

ఇంటికి వచ్చి చెబితే ఆయన పళ్లెం ముందు నుంచి లేచాడు.

"పీకించొద్దు మే."

"ఎందుకొద్దు?"

"వద్దని చెప్తాండా గదా."

"కారణం చెప్పు, మానుకుంటా."

చెప్పలేదు.

"పదమూడు బండ్లు కాదంటివి, ఒక్కదానికీ కారణం చెప్పకపోతివి. ఇప్పుడు ఈ పెంటబండిని నెత్తిన పెట్టుకోమంటే దానికీ కారణం చెప్పవు. నేను చచ్చేదాకా నీతో ఇదేనా?"

ఆ చివరి మాట ఆయనకు వినిపించింది. వినిపించని మనిషికి ఏం వినిపిస్తుందో, ఏం వినిపించదో దేవుడికే తెలియాలి. తినకుండా బయటికి పోయాడు. నేను తిన్నాను. కోపం వస్తే నాకు ఆకలేస్తుంది.

గేటు మూతకు 13 రోజులు

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

పొద్దున మేస్త్రి పని దగ్గరుండి చూసుకుందామని షెడ్డుకు పోయాను. మహబూబ్బీ ముందు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఏదో అడగాలని, అడగలేక గ్లాసు తిప్పుతూ కూర్చుంది.

"అక్కా, ఏమనుకోవద్దు. సుంకన్నన్నను డాక్టరుకేమైనా చూపిచ్చినావా?"

"ఆయనకేమైంది?"

"బండ్లల్లో పండుకుంటాడు గదా, నిద్రపోడక్కా. ఊపిరి బిగబట్టుకొని ఉంటాడు. మొదటి దినం కిటికీలో చూసి సచ్చిపోయినాడనుకున్యా. మొగం నల్లగయ్యేదాకా బిగబడ్తాడు, మళ్ల ఇడుస్తాడు, మళ్ల బిగబడ్తాడు. అన్ని బండ్లల్లో ఇదే పని. టీచర్ల బండిలో ఐదుసార్లు చేసినాడు. బండి సప్పుడు చెయ్యకుండా పోతానే ఉన్నింది. దిగి వచ్చి ఇది గాదన్న్యాడు. ఆ గేదెల బండొక్కటే ఆగి, హారను కొట్టి, నీళ్లు పోసె. దానికి అంతగా నవ్వుతాడు! మతి సరిగ్గా ఉందా అక్కా ఆయనకు?"

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఆ పశువుల డాక్టరు దారిలో ఏం చేసేవాడు?"

"ఏముందక్కా, గేదె ఊపిరి ఆడకుంటే బండాపి, కుదిపి, నీళ్లు పోసి లేపేటోడంట."

డొక్క మీద చెయ్యి. నన్ను బయట కూర్చోబెట్టిన డాక్టరమ్మ. పక్కపక్క బల్లలు. నేను మూడు వేళ్లు చూపిస్తే మాయమైన నవ్వు. అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. నేను నిద్రలో ఊపిరి మానేస్తున్నాను. ఒక్క మధ్యాహ్నంలో మూడుసార్లు మానేశాను. దానికి ఎదురుగా నా చేత్తో నేనే "కారణం: లేదు" అని రాసుకున్నాను. పిచ్చిపని ఏదైనా బండిదే అనుకునే మా బుద్ధికి, బండి లోపల ఉన్న మనిషిని చూడాలని తోచలేదు.

"మేస్త్రి వచ్చినాడా?" అన్నాను.

"ఎప్పుడో వచ్చినాడు. పని మొదలుపెట్టింటాడు."

మహబూబ్బీకి మోకాళ్లు లేవు, నాకు ఊపిరి లేదు. మా ఇద్దరిలో నేనే పరిగెత్తాను. ముందు గది నుంచి టైర్ల గుట్టకు రెండు వందల అడుగులుంటుంది. సగం దూరంలోనే గొంతు పోయింది. మేస్త్రి బండి పక్కన పెట్టె తెరిచి, వీపు నావైపు పెట్టి కూర్చున్నాడు. పక్కనే గాలి ఫ్యాను గోలగోలగా తిరుగుతోంది. "ఆగు" అన్నాను. నాకే వినపడలేదు. ఇంకో పది అడుగులు వేసి, తెరిచి ఉన్న తలుపులోంచి బండి నేల మీద బోర్లా పడ్డాను. ఛాతీ పట్టేసింది. లోపలికి గాలి రావడం లేదు, బయటికి పోవడం లేదు. ఆ గేదెల వాసనలో చచ్చిపోతానని నాకు నిజంగా అనిపించింది. చాలా భయం వేసింది.

అప్పుడు హారను మోగింది. అది ఊరికే మోగడం కాదు, షెడ్డు రేకులన్నీ అదిరాయి. నేల కింద ఏదో లేచి నన్ను పక్కకు దొర్లించింది. మొహం మీద నీళ్లు పడ్డాయి. దగ్గు వచ్చింది, దగ్గుతో పాటు గాలి వచ్చింది.

దస్తగిరి మేస్త్రి చేతిలో పట్టకారుతో నా మీదికి వంగి చూస్తున్నాడు.

"ఏమైందమ్మా? ఇంగొక్క తీగె ఉండాది, అయిపోతాది."

ఆ పట్టకారు లాక్కుని టైర్ల గుట్ట మీదికి విసిరేశాను. ఆ పాటి ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

గేటు మూతకు 12 రోజులు

నిన్న ఇంటికి పోయి ఆయన ఎదురుగా కూర్చున్నాను. పెదాలు కనబడేలా, నిదానంగా అడిగాను.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు నీకు?"

"రెండేండ్ల నుంచి అనుమానం. నాకు వినపడదు గదా, అందుకే చెయ్యి పెట్టి చూసుకుంటాంటి. డొక్క కదలకుంటే నిన్ను కదిలిస్తాంటి. మొన్న డాక్టరమ్మ కూడా అదే చెప్పె. నీకు చెప్తే భయపడి నిద్ర మానేస్తావనె. బండిలో పైబల్ల నుంచి నీకు చెయ్యి అందదు. అందినా నేను నిద్రపోతే ఎట్ల? పన్నెండు దినాలు మేలుకోని ఉండలేను మే. ముసలోణ్ణి అయిపోయినా."

నాకు ఏడుపు వచ్చింది, వెంటనే కోపం కూడా వచ్చింది. ముందు కోపం పని చూశాను. చెప్పకుండా పెళ్లాన్ని కాపాడే మగవాళ్ల మీద ఎన్ని తిట్లున్నాయో అన్నీ తిట్టాను. ఆయన శ్రద్ధగా నా పెదాలనే చూశాడు, ఒక్కటీ వదలలేదు. తర్వాత ఏడ్చాను.

ఈ పొద్దున పుస్తకం చదివాను. గేదెల బండీ, నువ్వు విన్నావు. నిన్ను పెంటబండి అన్నది కూడా విన్నావు, నేనేమీ దాచలేదు. వినపడకపోయినా ఆయన నా పెదాలు చూస్తూ పక్కనే నిలబడ్డాడు. పదహారో రోజు పేజీకి వచ్చి ఆగాను. పెన్సిల్ తీసుకుని మూడు చోట్లా "లేదు" కొట్టేశాను. పైన రాశాను: కారణం: ఓబుళమ్మ. అది కూడా చదివి వినిపించి, బండి ఎక్కాను.

గేటు మూతకు 2 రోజులు

కొండ కనిపిస్తోంది. పచ్చగా ఉంది. రేపు మధ్యాహ్నానికి గేటు దాటుతామని బండి లెక్క.

ఈ పది రోజుల్లో ముప్పై నాలుగుసార్లు ఆగింది. నా చీరలన్నీ తడిచీరలే. వాసన పోలేదు, నాకే అలవాటైంది. పైబల్ల మీద మా ఆయన రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని మొద్దులా నిద్రపోతున్నాడు. రెండేళ్ల నిద్ర ఇప్పుడే తీర్చుకుంటున్నాడు. ఆ గురకకు కొండచరియలు విరిగిపడాలి, దానికి మాత్రం ఈ బండి ఒక్కసారీ ఆగదు. నేను గుక్క తిప్పుకోవడం ఆలస్యమైతే చెంబెడు నీళ్లు!

కానీ ఒక ఇబ్బంది వచ్చిపడింది. మూడు రోజులుగా నాకు నిద్ర పట్టడం లేదు. భయం వల్ల కాదు, బండి చూసుకుంటుందని తెలుసు. డొక్క మీద బరువు లేదు, అదీ సంగతి. మూడు మధ్యాహ్నాలు ఓర్చుకున్నాను. ఈ రోజు ఆయన్ను లేపి, మేత తొట్టి పలక ఊడదీయించి, కింది బల్ల పక్కన అడ్డంగా కట్టించాను. గేదె పట్టే చోటు, మనిషి పట్టడా? ఎందుకు, ఏమిటి అని ఆయన అడిగాడు. నేనూ కారణం చెప్పలేదు.

పడుకోగానే చెయ్యి వచ్చి డొక్క మీద పడింది. ఉక్కగానే ఉంది. తియ్యమని మాత్రం అనలేదు.